ముక్కు ఎత్తి, చక్రాలు వెడల్పు చేసిన నా పికప్ సంగతి

ఎప్పుడూ ఆకు గురించి, ఊజీ ఈగ గురించి, మార్కెట్ రేటు గురించి రాసేవాణ్ణి. ఈసారి బండి గురించి రాస్తున్నా. పట్టుపురుగులకీ పికప్ బండికీ ఏం సంబంధం అని అడగొద్దండి. చాకీ ట్రేలు తెచ్చేది బండే, ఐదో దశలో ఆకు చాలకపోతే పక్క ఊరినుంచి తెచ్చేది బండే, గూళ్ళు హరాజుకు తీసుకుపోయేదీ బండే. ఆ బండిని నేను చెడగొట్టుకొని, మళ్ళీ బాగు చేసుకొన్న సంగతి ఇది. మన గ్రూపులో ముగ్గురు నలుగురు పిల్లలు ఇదే పని చేయించాలని ఫోటోలు పెడుతున్నారు కాబట్టి రాయక తప్పలేదు.

మాది చింతామణికి తూర్పు పక్క ఊరు. నాది పాత పికప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి. వెనక కమాన్ కట్టలు, ముందర టోర్షన్ బార్. టోర్షన్ బార్ అంటే తెలియనివాళ్ళకు చెప్తా: ముందు చక్రం చేతిని పట్టుకొని, ఛాసిస్ పొడుగునా వెనక్కి పోయే ఒక ఉక్కు కడ్డీ. చక్రం పైకి లేస్తే ఆ కడ్డీ మెలి తిరుగుతుంది, మెలి విడిచేటప్పుడు చక్రాన్ని కిందికి తోస్తుంది. స్ప్రింగు చేసే పని ఈ కడ్డీ చేస్తుంది. కడ్డీ వెనక కొసలో ఒక బోల్టు ఉంటుంది. ఆ బోల్టు బిగిస్తే బండి ముక్కు పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంత సులభం. సులభం కాబట్టే చిక్కు.

నాకు రెండు ఇబ్బందులు ఉండేవి. ఒకటి, మా తోటకు పోవాలంటే చెరువు కట్ట ఎక్కాలి. ఎక్కే చోట బండి ముందర బంపర్ నేలకు గీరుకొనేది. రెండోది, ట్రాక్టర్లు తిరిగి తిరిగి బాటలో గాళ్ళు పడినాయి. ట్రాక్టర్ చక్రాల మధ్య వెడల్పు నా బండికంటే ఒక జానెడు ఎక్కువ. అందుకని నా బండి ఒక పక్క చక్రాలు గాడిలో, ఇంకో పక్కవి నడిమి దిబ్బ మీద పోతాయి. ఆకు ఎత్తుగా వేసుకొని వస్తుంటే బండి ఒక పక్కకు వాలి, గుండె ఝల్లుమనేది.

మా అక్క కొడుకు నా దగ్గరే ఉంటాడు, బండి నడిపేది వాడే. ఫోన్లో అమెరికా పికప్ బండ్ల వీడియోలు చూస్తాడు. "మామా, ముందర రెండు అంగుళాలు ఎత్తిద్దాం, చక్రాలు బయటికి తెప్పిద్దాం, కట్టా ఎక్కుతుంది, పక్కకూ పడదు" అన్నాడు. వినడానికి బాగానే ఉండింది. నేనూ సరే అన్నా. టౌన్లో ఒక షెడ్డుకు తీసుకుపోయినాము. టోర్షన్ బార్ బోల్టులు బిగించి ముక్కు 5 సెంటీమీటర్లు లేపినారు. నాలుగు చక్రాలకూ 3 సెంటీమీటర్ల మందం స్పేసర్లు వేసినారు. అంటే హబ్బుకూ చక్రం డిస్కుకూ మధ్య ఒక అల్యూమినియం బిళ్ళ. ఒక్కొక్క పక్క 3, రెండు పక్కలా కలిపి 6 సెంటీమీటర్ల వెడల్పు పెరిగింది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఖర్చు నా ఒక పంట చాకీ ఖర్చును దాటింది. ఇంటికి వచ్చి చూస్తే బండి పులిలాగా ఉండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మొదటి వారం బాగుంది. బంపర్ గీరలేదు. మా చిన్నాయన మాత్రం చూసి, "ఖాళీ బండికి ముక్కు సమంగా ఉంది సరే, లోడు ఏసినాక ఏమైతుంది?" అన్నాడు. ఆయన నలభై ఏళ్ళు ఎద్దుల బండి తోలినవాడు. కాడి దగ్గర బరువు తగ్గి, వెనక ఎక్కువైతే ఎద్దుల మెడ లేచిపోతుందని ఆయనకు తెలుసు. నేను నవ్వి ఊరుకొన్నా. ఆ మాట అప్పుడే పట్టుకొని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

తరువాత నేను ఇంచి టేపు పెట్టి కొలిచిన లెక్క చెప్తా. పని చేయించక ముందు, ఖాళీ బండిలో ఛాసిస్ వెనక భాగం ముందర భాగం కంటే 7 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేది. అందరం అనుకొంటాం, ఇది బండి వంకర అని. వంకర కాదు. కావాలనే అట్లా పెడతారు. పికప్‌లో ఒక టన్ను లోడు వేస్తే బరువు దాదాపు అంతా వెనక ఇరుసు మీద పడుతుంది. నా బండిలో వెనక ఏడెనిమిది సెంటీమీటర్లు దిగుతుంది, ముందర ఒక సెంటీమీటరో ఏమో దిగుతుంది. అంటే లోడు వేసినాక బండి సమం అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా ఉండడం, లోడు వేసినప్పుడు సమంగా ఉండడానికే.

ఇప్పుడు ముందర 5 సెంటీమీటర్లు లేపితే? ఖాళీ బండి చూడ్డానికి సమంగా ఉంటుంది. ఒక టన్ను ఆకు వేస్తే ముక్కు ఆకాశం చూస్తుంది. అమెరికాలో చాలామంది పికప్ బండిని కారు లాగా వాడతారు, వెనక ఖాళీగానే ఉంటుంది, కాబట్టి అక్కడ ముక్కు లేపి సమం చేసుకొంటారు. మన బండి ఖాళీగా తిరిగేది ఎంత? ఇంకో తమాషా ఏమంటే, ఆ అమెరికాలోనే ముక్కు లేచి తోక దిగిన బండ్లను కొన్ని రాష్ట్రాలలో నిషేధించినారు. నార్త్ కరోలినాలో 2021 డిసెంబరు 1 నుంచి, ముందర ఫెండర్ వెనక ఫెండర్ కంటే 4 అంగుళాలు లేక అంతకన్నా ఎక్కువ ఎత్తు ఉండేటట్టు బండిని మార్చి రోడ్డు మీద తిప్పకూడదని చట్టం వచ్చింది. ఈ సంగతి మా వాడే తరువాత ఫోన్లో చూపించినాడు. ముందే చూపించి ఉంటే బాగుండేది కదరా అన్నా.

మొదటి దెబ్బ చాకీలో తగిలింది. మా ఊర్లో ఆరు కుటుంబాలం కలిసి రెండో జ్వరం లేసే ముందర చాకీ పురుగుల్ని తెచ్చుకొంటాం. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే తేవాలి, మీకు తెలిసిందే. ఎప్పుడూ ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, చుట్టూ తడి గోనె కట్టి తెస్తాం, ఏమీ కాదు. ఆ రోజు ఇంటికి వచ్చి చూస్తే ట్రేలలో పురుగులు ఒక మూలకు కుప్ప పడి ఉండినాయి. నా ట్రేలలోనే కాదు, అందరివీ. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదని మనం ట్రే కూడా మెల్లగా దించుతాం. దాన్ని గుంతలలో ఎగరేసి తెచ్చినాం. పొర వదలబోయే పురుగు ఒత్తుకొని గాయపడితే రోగం తొందరగా పట్టుకొంటుంది. ఆ పంటలో నా షెడ్డులో ఏరి పారేసిన పురుగులు ఎప్పటికంటే ఎక్కువ. బండి వల్లనే అని నేను ప్రమాణం చేయలేను, ఆ వారం ఎండలు కూడా మండినాయి. కానీ పక్కింటి అక్క, "ఈసారి మా ట్రేలు ఆటోలో తెచ్చుకొంటాం లేప్పా" అన్నప్పుడు నాకు తల ఎత్తుకొనే ముఖం లేకపోయింది.

బండి ఎందుకు అంత ఎగిరింది? బోల్టు బిగిస్తే కడ్డీ గట్టి పడిందని షెడ్డులో చెప్పినారు. అది నిజం కాదు. కడ్డీ మందం మారలేదు, గట్టితనం మారలేదు. మారింది చక్రం కిందికి దిగే జాగా. ఏ చక్రానికైనా పైకి లేయడానికి కొంత, కిందికి దిగడానికి కొంత జాగా ఉంటుంది. గుంత వచ్చినప్పుడు చక్రం గుంతలోకి దిగాలి, బండి దిగకూడదు. నా బండిలో కిందికి దిగే జాగా మొత్తం 7 సెంటీమీటర్లు. ముక్కును 5 లేపినామంటే చక్రం చేయి అప్పటికే 5 సెంటీమీటర్లు కిందికి దిగి ఉన్నట్టు. ఇంక మిగిలింది 2. గుంత 2 సెంటీమీటర్లు దాటితే చేయి చివరి రబ్బరుకు తగిలి, ఠప్పని బండినే గుంతలోకి లాగుతుంది. ఆ ఠప్ ఠప్ శబ్దం మొదటి రోజునుంచీ వస్తానే ఉండింది. షాక్ అబ్జార్బర్ కొత్తది వేస్తే పోతుంది అన్నారు. షాక్ కూడా చివరిదాకా సాగి ఉంటే కొత్తదైనా ఏం చేస్తుంది?

ఈ జాగా ఎంత మిగిలిందో మీరే ఇంట్లో కొలుచుకోవచ్చు. సమమైన నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టండి. ముందు చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు వరకు కొలవండి. తరువాత ఛాసిస్ కింద జాకీ పెట్టి, చక్రం నేలను వదిలేదాకా మెల్లగా లేపండి. మళ్ళీ అదే కొలత తీయండి. రెండింటికీ తేడానే కిందికి దిగే జాగా. ఎన్ని సెంటీమీటర్లు అనేది ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరు, కానీ మూడు వేళ్ళకంటే తక్కువ ఉంటే మన బాటలకు అది చాలదని నా అనుభవం. బండి కింద ఎవరూ దూరకండి, జాకీ జారుతుంది.

రెండో దెబ్బ రాత్రి పూట. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్‌కు తెల్లారేసరికి చేర్చాలని మేము చీకట్లోనే బయలుదేరుతాం. ఆ రోజు మా ఆరు ఇండ్ల గూళ్ళూ బండిలో ఉన్నాయి. ఎదురుగా వచ్చే ప్రతి బండీ మాకు లైటు కొడుతుంది. డిమ్ములోనే ఉన్నాం కదా, ఎందుకు కొడుతున్నారు అనుకొన్నాం. ఒక బైకు అతను మా లైటుకు కళ్ళు కనబడక రోడ్డు దిగిపోయినాడు, దేవుడి దయ, పడలేదు. నిలిపి తిట్టి పోయినాడు. తిట్టడం న్యాయమే.

లెక్క వేస్తే తెలిసింది. నా బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 270 సెంటీమీటర్లు. ముక్కు 5 లేచిందంటే, లైటు 54 అడుగుల దూరానికి ఒక అడుగు పైకి తిరిగినట్టు. 50 మీటర్ల దూరంలో వెలుగు అంతకుముందుకంటే 90 సెంటీమీటర్లకు మించి పైన పడుతుంది. డిమ్ము లైటు మామూలుగా 50 మీటర్లకు అర మీటరు కిందికి దిగేటట్టు పెడతారు. ఆ అర మీటరు పోగా ఇంకా 40 సెంటీమీటర్లు పైకి, నేరుగా ఎదుటివాడి కళ్ళలోకి. ముక్కు ఎంత తక్కువ లేపినా లైటు స్క్రూ తిప్పి సరి చేయకుండా రోడ్డు ఎక్కకూడదు. గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి, లైటు మధ్య బిందువు ఎత్తును గోడ మీద గీత గీసి, డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు 5 సెంటీమీటర్లు కింద ఉండేటట్టు చూసుకోండి. మనం ఎప్పుడూ వేసే లోడు వేసి చూసుకొంటే ఇంకా మంచిది.

ఇంక అసలు సంగతి, స్పేసర్లు. అదే రాత్రి, కైవార క్రాసు దాటినాక, స్టీరింగు వణకడం మొదలైంది. మా వాడు "రోడ్డు బాగాలేదు మామా" అన్నాడు. నేనూ నమ్మినా. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోయినాక ముందర ఎడమ పక్క నుంచి టక్ టక్ అని శబ్దం. నిలిపి టార్చి వేసి చూస్తే చక్రం మధ్యలో రెండు స్టడ్లు తెగిపోయి ఉన్నాయి, మిగిలిన నట్లు చేత్తో తిరుగుతున్నాయి. చక్రం అప్పుడే ఊడలేదంతే. పక్కనే కాలవ. బండిలో నేను, మా వాడు, మా చిన్నమ్మ. ఆమె కూతురు పెండ్లి డబ్బు ఆ గూళ్ళలోనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. దిగి రోడ్డు పక్క రాయి మీద కూచొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, తెల్లారేదాకా అట్లనే ఉండింది. ఇప్పటికీ నాకు ఆ కూచున్న తీరు కళ్ళ ముందర ఉంటుంది.

టెంపో ఒకటి మాట్లాడి గూళ్ళు దానికి మార్చినాం. హరాజుకు ఆలస్యమైంది. పైగా గూళ్ళు ఎగిరెగిరి, రెండిండ్ల సంచులలో లోపల పురుగు చితికి మరక పడిన గూళ్ళు కనబడినాయి. ఆ రెండిండ్లవాళ్ళు వర్షం వస్తుందని ఒక రోజు ముందే గూడు విడిపించినారు. పురుగు లోపల ప్యూపాగా మారి, పొర గట్టి పడకముందే గూళ్ళు విడిపిస్తే, చిన్న దెబ్బకే పగులుతుంది. తొందరపాటు వాళ్ళది, ఎగరేయడం నాది. రీలరు చేయి పెట్టి చూసి రేటు తగ్గించినాడు. ఆ తేడా డబ్బు నేనే ఇచ్చినా. ఇయ్యక తప్పుతుందా, రేపు మళ్ళీ ఒకే కట్ట మీద నడవాల్సినవాళ్ళం.

స్టడ్లు ఎందుకు తెగినాయి? తరువాత కోలారులో ఒక ముసలి మెకానిక్ విప్పి చూపించినాడు. మామూలుగా చక్రం డిస్కు హబ్బు మధ్యలో ఉండే గుండ్రటి ఉబ్బు మీద సరిగ్గా కూచుంటుంది. బరువును ఆ ఉబ్బు, హబ్బు ముఖం మోస్తాయి, నట్లు చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టుకొంటాయి. నా స్పేసర్ బిళ్ళ మధ్య రంధ్రం హబ్బు కొలతకు చేసింది కాదు, వదులుగా ఉండింది. అందువల్ల గుంత పడిన ప్రతిసారీ బిళ్ళ వెంట్రుక వాసి కదిలింది. కదిలితే నట్టు వదులవుతుంది, నట్టు వదులైతే ఇంకా కదులుతుంది, చివరికి స్టడ్డు వంగి వంగి తెగుతుంది. ఇంకో సంగతి, ఈ రకం స్పేసర్లలో లోపల ఒక వరుస నట్లు, బయట ఇంకో వరుస నట్లు. లోపలివి బిగించాలంటే చక్రం విప్పాలి. వేసినాక నూరు కిలోమీటర్లు తిరిగేలోపల విప్పి మళ్ళీ బిగించాలని షెడ్డులో చెప్పలేదు. నేను అడగలేదు. పల్చటి బిళ్ళలు ఇంకో రకం ఉంటాయి, వాటికి సొంత స్టడ్లు ఉండవు, బండి స్టడ్లకే దూర్చి వేస్తారు. వాటిలో నట్టు పట్టుకొనే మర తగ్గిపోతుంది. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడుగైనా నట్టు మర పట్టాలి, అంతకంటే తగ్గితే అది బిగింపే కాదు అన్నాడు ఆయన.

సరే, మంచి కొలతతో చేసిన స్పేసర్ వేస్తే? అదీ అడిగినా. ఆయన ఒక కట్టె పుల్ల తీసుకొని చూపించినాడు. చక్రం హబ్బులో రెండు బేరింగులు ఉంటాయి. టైరు మధ్య గీత ఆ రెండు బేరింగుల నడుమ పడేటట్టు కంపెనీ వాళ్ళు డిస్కు చేస్తారు. అప్పుడు బరువు రెండూ పంచుకొంటాయి. చక్రాన్ని 3 సెంటీమీటర్లు బయటికి తెస్తే బరువు బేరింగులను ఒరిపి పట్టి వంచుతుంది, బయట బేరింగు తొందరగా పోతుంది. స్టీరింగు సంగతి అంతే: చక్రం ఏ గీత మీద తిరుగుతుందో ఆ గీతకు టైరు దూరమైపోతుంది. కాబట్టి ఒక చక్రం గుంతలో పడినా, ఒక పక్క బ్రేకు ఎక్కువ పట్టినా స్టీరింగు చేతిలోనుంచి లాగేసుకొంటుంది. స్పేసర్ బదులు ఆఫ్‌సెట్ తక్కువ ఉన్న డిస్కు వేసినా ఫలితం ఇదే. డిస్కు లోపల ఈటీ అని ఒక అంకె చెక్కి ఉంటుంది. ఆ అంకె 30 తగ్గితే, 3 సెంటీమీటర్ల స్పేసర్ వేసినట్టే. టైరు ఫెండర్ దాటి బయటికి వచ్చి, బురద అద్దాల మీదికి కొట్టడం ఇంకొకటి. వానకాలంలో పక్క అద్దం తుడవడానికే ఒకరు కావాలి.

అయినా బండి పక్కకు పడకుండా ఉంటుంది కదా అంటారు. నేనూ అదే అనుకొన్నా. లెక్క చూడండి. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. ఉదాహరణకు వెడల్పు 140 సెంటీమీటర్లు, ఆకు ఎత్తుగా వేసిన బండి బరువు కేంద్రం 100 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. 70 ని 100 తో భాగిస్తే 0.70. స్పేసర్లు వేస్తే 73 భాగించు 100, అంటే 0.73. కానీ ముక్కు 5 లేపినాం కాబట్టి కేంద్రం కూడా రెండున్నర లేచింది, 73 భాగించు 102.5, అంటే 0.71. వచ్చిన లాభంలో సగానికి పైనే మనమే తిరిగి ఇచ్చేసినాం. అదే స్పేసర్ లేకుండా, ముక్కు ఎత్తకుండా, ఆకు కట్టలను ఎత్తు తగ్గించి వేసి కేంద్రాన్ని 90 కి తెస్తే? 70 భాగించు 90, అంటే 0.78. ఒక వరుస కట్టలు తక్కువ వేసి, ఇంకో ట్రిప్పు కొట్టడమే. డీజిల్ ఖర్చు కొంచెం, స్పేసర్ల ఖర్చులో ఎన్ని ట్రిప్పులు వస్తాయో మీరే వేసుకోండి. కొమ్మలతో కోసిన ఆకును నిలువుగా పేర్చకుండా పడుకోబెట్టి, తాడు మధ్యలో ఇంకో వరుస కట్టినా చాలా తేడా కనబడింది.

గాడి సంగతి చెప్తే నవ్వుతారు. ట్రాక్టరుకూ నాకూ తేడా జానెడు. స్పేసర్లతో వచ్చింది 6 సెంటీమీటర్లు. ముందర ఒక చక్రం గాడి అడుగున పోయేది, ఇప్పుడు గాడి ఒరల మీద జారుతూ పోయింది. ఇంకా అధ్వానం.

ఇంకొకరు ఒక సలహా ఇచ్చినారు: లోడుకు ముక్కు లేస్తుంది కదా, వెనక కమాన్ కట్టలో ఇంకో రెండు పట్టీలు ఎక్కించు, సమం అవుతుంది అని. ఇది కూడా ఆలోచించి చేయండి. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీతో బ్రేకు వాల్వు ఉంటుంది. లోడు పడి ఛాసిస్ దిగితే, ఆ వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ ఇస్తుంది. ఖాళీ బండి అయితే తక్కువ ఇస్తుంది, లేకపోతే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. పట్టీలు ఎక్కించి వెనక దిగకుండా చేస్తే, టన్ను లోడు ఉన్నా వాల్వు ఖాళీ బండి అనుకొని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. వాల్వును మళ్ళీ సరి చేయించకుండా ఆ పని చేయకూడదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988 లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన అసలు వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుంచి వచ్చిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టం సవరించి 182ఏ సెక్షన్ చేర్చినారు. అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేక 6 నెలల వరకు జైలు, లేక రెండూ. మన పసుపు నంబరు బండ్లకు ఎఫ్‌సీ ఉంటుంది, 8 ఏళ్ళ వరకు రెండేళ్ళకు ఒకసారి, తరువాత ప్రతి సంవత్సరం. చక్రాలు బయటికి వచ్చిన బండి అక్కడ దాటడం కష్టం. అన్నిటికంటే, ఆ రాత్రి ఆ బైకు అతను పడి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఈ మార్పుల గురించే.

ఇప్పుడు నేనేం చేసినానంటే, స్పేసర్లు నాలుగూ తీసేసినా. ముందర ఎడమ హబ్బుకు స్టడ్లు అన్నీ కొత్తవి వేయించినా, తెగిన రెండే కాదు, ఎందుకంటే మిగిలినవి కూడా అదే బాధ పడి ఉంటాయి. బేరింగులు విప్పి గ్రీజు మార్పించినా. కోలారు మెకానిక్ టోర్షన్ బార్ బోల్టులు వదిలి, బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న ఎత్తుకు పెట్టినాడు. అప్పుడు బయటపడిన సంగతి ఏమంటే, ఈ పని మొదలుపెట్టక ముందే నా బండి ముక్కు కంపెనీ ఎత్తుకంటే 2 సెంటీమీటర్లు దిగి ఉండింది, అందులోనూ డ్రైవర్ పక్క ఇంకొంచెం ఎక్కువ. ఏళ్ళ తరబడి లోడు మోసి కడ్డీలు చతికిలపడినాయి. అంటే నాకు కావాల్సింది 5 సెంటీమీటర్లు లేపడం కాదు, పోయిన 2 సెంటీమీటర్లు తిరిగి తెచ్చుకోవడం, రెండు పక్కలా సమంగా. ఆ పని చేసి, అదే రోజు అలైన్‌మెంట్ చూపించి, లైట్లు సరి చేసినాం. ఎత్తు మారితే అలైన్‌మెంట్ మారుతుంది, ఇది తప్పదు. ముందర నెల రోజులలోనే నా టైర్ల బయటి అంచులు చేత్తో తడిమితే తెలిసేటట్టు అరిగిపోయి ఉండినాయి.

కట్ట ఎక్కే చోట నేల వంపు ఎక్కువ. అక్కడ ఒక పూట మేము ఐదుగురం పార, గడ్డపలుగు తీసుకొని పోయి వంపును పొడుగ్గా చేసినాం. గాళ్ళలోకి రెండు ట్రాక్టర్ల గరుసు పోయించి, నీళ్ళు కొట్టి తొక్కించినాం. గరుసు డబ్బు ఆరిండ్లకూ పంచినాం. వానకాలం తరువాత మళ్ళీ ఒక ట్రాక్టరు పోయాల్సి వస్తుంది, అది తెలిసిందే. బంపర్ ఇప్పుడు గీరదు.

పోయిన బుధవారం చాకీ తెచ్చినాం. పక్కింటి అక్క ట్రేలు కూడా మా బండిలోనే వచ్చినాయి, కానీ ఆమె ముందు సీట్లో కూచొని, దోవంతా వెనక్కి తిరిగి చూస్తానే ఉండింది. మా వాడు మూడో గేరు దాటలేదు.